బాగున్నానంటే విజిలు వేసేవారు

డ్రిల్లు మాస్టారు పోయారని మొన్న శనివారం పొద్దున్నే పాలు పోసే అతను వచ్చి చెప్పాడు. అమ్మ వెంటనే నమ్మలేదు. ఇంకా విజిలే వేయలేదు గదా అంది, విజిలు వేయకుండా మాస్టారు ఏ పనీ చేయరన్నట్టు. అంతలోనే ఎదురింటి గేటు ముందు జనం చేరడం కనిపించింది. నిద్రలోనే పోయారట.

నడికుడి బడిలో పిల్లల చేత వ్యాయామం చేయించి రిటైరయ్యాక గురజాలలో మా ఎదురింట్లోకి వచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే షుగరు వల్ల కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కృత్రిమ కాలు తొడుక్కుని, వరండా కుర్చీలో కూర్చుని, పొద్దున్నే ఒక విజిలు ఊదేవారు. పాలతనికీ, పేపరు కుర్రాడికీ, బడికి ఆలస్యమవుతున్న పిల్లలకీ అందరికీ అదే పిలుపు. బూట్లు రెండూ తనే పాలిష్ చేసుకునేవారు. ఆ రెండోదానికెందుకు మాస్టారూ అని అడిగానొకసారి. "అదీ నా కాలేనే. ఒకదానికి చేసి ఒకదానికి మానితే అలుగుద్ది" అన్నారు.

ఆయన గురించి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మా అమ్మ నడక.

అమ్మకు పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఆ కాలి మీద బరువు వేయాలంటే అరచేత్తో తొడను వెనక్కి నొక్కి పట్టాలి, లేకపోతే మోకాలు మడతపడుతుంది. ఆ నొక్కడం ఎవరి కంటా పడకుండా చూసుకోవడం అమ్మ నేర్చుకున్న విద్య. కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు ఉంటుంది, కొంగు జారకుండా పట్టుకున్నట్టు ఉంటుంది. పెళ్ళిలో ఎవరైనా కొత్తవాళ్ళు కాలు బెణికిందా అని అడిగితే ఆ రోజంతా అమ్మ ముఖం వెలిగిపోయేది. బెణుకు అనుకున్నారంటే అమ్మ నెగ్గినట్టే.

ఆ విద్యే మా కొంప ముంచేలా ఉందని నాకు తట్టలేదు. వికలాంగుల పింఛను తీసుకుంటున్న వాళ్ళకి మళ్ళీ వైద్య పరీక్ష చేస్తారని, సదరం క్యాంపుకి నరసరావుపేట ఆసుపత్రికి రమ్మని నోటీసు వచ్చింది. డాక్టరు వేసే వైకల్యం శాతం తగ్గితే పింఛను ఆగిపోతుంది. అమ్మ ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగిన డబ్బు అదొక్కటే. నా డిగ్రీ బస్సు పాసులన్నీ అందులోంచే వెళ్ళాయి. చదువుకున్నదాన్ని కదా, పాత సర్టిఫికెట్టు, ఆధారు, జిరాక్సులు అన్నీ ఫైల్లో పెట్టి మాస్టారికి చూపించబోయాను. ఆయన ఫైలు తెరవలేదు.

"కాగితాలు సరేనే. మీ అమ్మ సంగతేంది?"

మర్నాటి నుంచి వాళ్ళ వరండాలో రిహార్సళ్ళు. మాస్టారే డాక్టరు, మెడలో స్టెతస్కోపు బదులు విజిలు. కాలు ఎట్లా ఉందమ్మా అని అడిగారు. బాగానే ఉందండీ అంది అమ్మ. విజిలు మోగింది.

"చెల్లెమ్మా, డాక్టరు నిన్ను పలకరించట్లా. అడుగుతన్నాడు."

మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అదే జవాబు, మళ్ళీ విజిలు. మంచం మీద మూలుగుతూ కూడా బాగున్నాననడం మనోళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బని, దానికి మాత్రం ఏ డాక్టరూ శాతం వేయడని మాస్టారు విసుక్కునేవారు.

ఈ శిక్షణ సంగతి విని మా వీధి చివర ఉండే మామయ్య ఒకాయన నడుం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. తనకీ నాలుగు మెళకువలు చెప్పమన్నాడు. మాస్టారు ఆయన్ని గేటు నుంచి కుర్చీ దాకా చూసి, గేటు కాడ కుడివైపు కుంటి, మెట్లకాడ ఎడమవైపుకి మార్చావు, ముందు ఇంటికి పోయి ఏ వైపో తేల్చుకుని రమ్మన్నారు. ఆయన పోతూ మామూలుగానే నడిచాడు. మేమంతా నవ్వాం. మాస్టారు నవ్వలేదు.

"డ్రిల్లు పిరియడ్లో రెండు రకాల దొంగల్ని చూశా. నొప్పి లేకుండా ఉందనేవాడు, ఉండీ లేదనేవాడు. మొదటోడితో బాధలేదు, చెట్టుకింద కూర్చుంటాడు. రెండోవాడే గ్రౌండులో పడిపోయేది."

అమ్మ తలెత్తలేదు.

తర్వాత నడిపించారు. అమ్మ కొంగు పట్టుకుని ముచ్చటగా నడిచింది. ఎవరూ చూడనప్పుడు నడిచినట్టు నడవమన్నారు. ఎప్పుడూ ఇట్టానే నడుస్తా అన్నయ్యా అంది. ఇక నేనుండలేకపోయాను. బట్టలు మడతపెట్టేదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు, అమ్మ చీరలన్నీ ఒకేచోట వెలిసిపోతాయి. ఎడమ తొడ దగ్గర, సరిగ్గా అరచేయంత మేర. ఆ మాట అందరి ముందూ అనేశాను. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మాస్టారు నన్ను మెచ్చుకోలేదు, అమ్మను ఓదార్చలేదు. ప్యాంటు పైకి మడిచి, కృత్రిమ కాలు విప్పి, కుర్చీకి ఆనించారు. ఆ ఎర్రటి మొండికాలిని మేం అప్పుడే మొదటిసారి చూడటం.

"కొత్తల్లో నేనూ తలుపేసుకుని తొడుక్కునేవాణ్ణి. దాచుకోటానికే బలమంతా అయిపోయేది చెల్లెమ్మా. నడవటానికి ఇంకేం మిగల్లా."

ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు. పరీక్ష రోజు మాత్రం ఇస్త్రీ చేసిన చీర కట్టి, పూలు పెట్టి బయల్దేరింది. ఎదురింటి నుంచి విజిలు. పెళ్ళికి పోతన్నావా అన్నారు మాస్టారు. అమ్మ గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళి రోజూ కట్టే ఆకుపచ్చ చీర కట్టుకొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. కాలు ఎట్లా ఉందమ్మా అని అడిగింది. "బాగా..." అని ఆగింది అమ్మ. అక్కడ విజిలు లేదు. అయినా ఆగింది.

"బాగలేదమ్మా. చెయ్యి ఆనించందే అడుగు పడదు. చూడు" అని, కొంగు తీసి భుజాన వేసుకుని, వెలిసిన చోట చెయ్యి పెట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఇరవై రెండేళ్ళొచ్చిన నేను మా అమ్మ నడవడం అప్పుడే చూశాను.

పింఛను ఆగలేదు. అమ్మ ఆ కబురు చెప్పడానికి గోంగూర పచ్చడి గిన్నెతో వెళితే మాస్టారు ముందు గిన్నె మూత తీసి వాసన చూశారు. పాసయ్యావు గానీ, ఒక్క పరీక్షకే చదివే పిల్లలంటే నాకు గిట్టదు అన్నారు. అమ్మ నవ్వేసి వచ్చింది. వీధిలో మళ్ళీ కొంగు చాటునే నడిచింది. మాస్టారు చూశారు, విజిలు మాత్రం వేయలేదు.

మొన్న పాడె లేచినప్పుడు వాకిట్లో ఆ కృత్రిమ కాలు గోడకి ఆనించి ఉంది, బూటు తళతళలాడుతూ. మా వైపు ఆడవాళ్ళు వీధి మలుపు దాకా సాగనంపుతారు. అమ్మను ఇంటి దగ్గరే ఉండమన్నారు ఎవరో. వినలేదు. కొంగు నడుంకి దోపుకుని, ఎడమ తొడ మీద చెయ్యి ఆనించి, నొక్కుతూ, వదులుతూ, ఊరంతా చూస్తుండగా జనం వెనక నడిచింది. మలుపు దగ్గర ఆగి చెయ్యి తీసింది. ఎండకి, చెమటకి ఆకుపచ్చ చీర మీద అరచేయంత తడి, వేళ్ళతో సహా అచ్చు పడి ఉంది. అమ్మ దాని మీదికి కొంగు లాక్కోలేదు.