ఆదివారం వ్యాను

ఎవరైనా మా ఇంటికొచ్చి "మీ ఆయన కరుణాకర్ సారు ఎంత మంచోడమ్మా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మాటవరసకు చెప్పడం లేదు. మా వ్యానుకు ఇంజన్ ముందు సీటు కింద ఉంటుంది. పదహారేళ్ళుగా ఆ సీట్లో కూర్చుంటున్నది నేను. ఎండాకాలంలో ఆళ్లగడ్డ నుంచి ఉయ్యాలవాడ దిక్కుకు పోయి వచ్చానంటే అట్లపెనం మీద నుంచి లేచినట్టే ఉంటుంది. వేడి సంగతి పోనివ్వండి. బండి ఆగిన ప్రతిసారీ మా ఆయన నోట ఒకే మాట: "లూదియా, ఒకసారి దిగు." నేను దిగితేగానీ సీటు లేవదు, సీటు లేస్తేగానీ ఇంజన్ కనబడదు. మా పెళ్ళయి ముప్పై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన నాతో ఇన్నిసార్లు అన్న మాట మరొకటి లేదు.

ఆయన చాగలమర్రి దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. చెప్పుల్లేని కాళ్ళతో నాలుగు మైళ్ళు నడిచి బడికి పోయాడు. చదువుకుని లెక్కల మాస్టరయ్యాడు. 2008లో వ్యాను కొన్నప్పుడు మా వీధిలో అదే మొదటి నాలుగు చక్రాల బండి. పాస్టరయ్యగారు వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ ఆదివారం ఈ మహానుభావుడు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుని వల్ల మేలు పొందినవాళ్ళు అందరి ముందూ నిలబడి ఆ మేలు చెప్పుకోవడం మా దగ్గర ఆనవాయితీ. చెప్పుకున్నాడు, బాగుంది. చివర్న కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఈ వ్యాను నాది కాదు, దేవునిది. ఎవరికి అవసరమొచ్చినా వచ్చి అడగండి" అన్నాడు.

అడగమంటే జనం మానేస్తారా? పురిటినొప్పులకు మా వ్యాను. పెళ్ళికూతుళ్ళకు మా వ్యాను. సభలకు కుర్చీలు మొయ్యాలన్నా మా వ్యానే. ఒకసారి బనగానపల్లె నుంచి ఎవరివో మామిడికాయల గంపలు తెచ్చి దింపాడు. ఆ తర్వాత నెల్లాళ్ళు ఈగలతో కలిసి ప్రయాణం చేశాం. ఎవరి దగ్గరా పెట్రోలుకని పైసా తీసుకున్న పాపాన పోలేదు. నేను నోరు తెరిస్తే, "అందరి ముందర మాటిచ్చినా కద లూదియా" అనేవాడు.

రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు, ఇంటికి పంపారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఫోను మోగడం లేదు. పిల్లల పరీక్షల గురించి అడిగేవాళ్ళు లేరు. వ్యాను అడిగేవాళ్ళూ తగ్గిపోయారు, ఇప్పుడు ఇంటింటికీ బండి ఉంది కదా. ఫోను పాడైందేమోనని ఆయన రెండుసార్లు అంగడికి తీసుకుపోయి చూపించాడు. ఫోను బాగానే ఉందన్నారు.

ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. ఉయ్యాలవాడ దారిలో ఒక పల్లె ఉంది. అక్కడ యశోదమ్మ, ఆమె ఇంటి పక్క ముసలమ్మలు ఇద్దరు. పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే పోయి వాళ్ళను ఎక్కించుకుని ఆళ్లగడ్డ చర్చికి తేవడం, ఆరాధన అయ్యాక తిరిగి దింపి రావడం ఆయన పని. శనివారం సాయంత్రమయ్యేసరికి మనిషి మారిపోతాడు. బకెట్టు, గుడ్డ పట్టుకుని బయటికి పోతాడు. చక్రాల దాకా కడుగుతాడు. రేడియేటరు కోసం క్యానుల్లో నీళ్ళు నింపుతాడు. లోపల్లోపల పాట పాడుకుంటాడు. మిగతా ఆరు రోజులూ గోడగడియారం కింద కూర్చునే మనిషి ఈయనేనా అనిపిస్తుంది. ఆ వ్యాను పోతే ఈయన ఏమైపోతాడో నాకు తెలుసు. తెలిసి కూడా అమ్మెయ్యమని పోరు పెట్టానంటే, నా నడుము ఎంత నొప్పి పడిందో మీరే ఆలోచించండి.

నిరుడు పదిహేనేళ్ళు నిండి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించాల్సి వచ్చినప్పుడే అమ్మమన్నాను. వినలేదు. చూపించడానికి ముందు బ్రేకులు మార్పించాడు, దీపాలు మార్పించాడు, కాగితాలు ఐదేళ్ళకు పొడిగించుకొచ్చాడు. కాగితాలకు ఆయుష్షు వచ్చింది, బండికి రాలేదు. వానొస్తే లోపల గొడుగు పట్టుకోవాలి. పక్క తలుపు తాడుతో కట్టాలి. ఎత్తు వస్తే ముసలమ్మలు ముగ్గురూ దిగి తొయ్యాలి.

మా కూతురు ప్రవళిక కర్నూల్లో ఉంటుంది. "నాయనా, సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు తీసుకో, మేము కూడా కొంచెం ఏసుకుంటాం" అంది. ఆయన వేళ్ళు మడిచి లెక్క పెట్టాడు. "వాళ్ళు ముగ్గురు, మేమిద్దరం. చిన్నకార్లో ముగ్గురు లావుపాటోళ్ళు వెనక పట్టరు. ఎవర్ని దింపేది? చెప్పు?" అన్నాడు. లెక్కల మాస్టర్ని పెళ్ళి చేసుకోకూడదమ్మా ఎవరూ.

ఎట్లాగో ఒప్పించి ఒక బేరం తెప్పించాను. చాగలమర్రిలో కూరగాయలమ్మే ఆయన. చుట్టూ తిరిగి చూశాడు, తలాడించాడు, టీ కూడా తాగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మా ఆయన లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చాడు. వ్యానుకు ఉన్న జబ్బులన్నీ నంబర్లు వేసి రాసి పెట్టాడు, ఎర్ర ఇంకుతో!

"అన్నా, మూడో గేరు జారిపోతాది. ఆయిల్ తాగుతాది. కింద రేకు తుప్పు పట్టింది, పైన మ్యాటు ఉండాది కాబట్టి నీకు కనపళ్ళేదు. ఎత్తి చూపిస్తా రా."

"చాలప్పా, చాల్లే," అన్నాడు ఆ కూరగాయలాయన. "నీ అంత నిజం చెప్పేటోని దగ్గర ఏమీ కొనేకి కాదు."

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని ఊరికే అన్నారా? ఆయన పోయాక నేను వంటింట్లో గిన్నెలు విసిరాను. "నీకు నోరు ఊరుకోదా? అడగకుండానే ఎందుకు చెప్తివి?" అంటే, "రేప్పొద్దున ఆయప్ప దోవలో నిలబడి మనల్ని తిట్టుకుంటే బాగుంటాదా?" అన్నాడు. పదహారేళ్ళుగా దోవలో నిలబడి తిట్టుకుంటున్న నేను ఆయన కంటికి ఆనలేదు.

ఆ తర్వాత రెండు వారాలకు నంద్యాల పోతుంటే శిరివెళ్ళ దాటగానే సీటు కింద డబ్‌మని మోగింది. పొగ. "లూదియా, ఒకసారి దిగు." దిగాను. ఈసారి సీటెత్తి చూసి ఆయన మళ్ళీ మూసేశాడు. ట్రాక్టరుకు తాడు కట్టించి నంద్యాల్లో మస్తాన్‌వలి షెడ్డుకు చేర్చాం. ఆళ్లగడ్డ మెకానిక్కులు ఎప్పుడో చేతులెత్తేశారు, మిగిలింది ఆయనొక్కడే.

మస్తాన్‌వలి చేతులు తుడుచుకుంటూ వచ్చి సూటిగా చెప్పాడు. "సార్, ఇంజన్ దింపాల. దింపి చేస్తే నాకు దుడ్లొస్తాయి, నాకేం నష్టం? కానీ నీ బండి ధర కంటే నా బిల్లు ఎక్కువైతాది. పాత ఇనుమోనికి ఇచ్చేయ్."

"చేస్తే ఎన్నేండ్లు నడుస్తాది?"

"రెండేండ్లు. నువ్వు నెమ్మదిగా తోలేటోనివి కాబట్టి మూడు. అంతకు మించి నన్నడగొద్దు."

మూడు రోజులు ఇంట్లో అన్నం సయించలేదు ఆయనకు. చెయ్యిద్దామంటాడు, వద్దంటాడు. నేనూ తగ్గలేదు. "నడిచినన్నాళ్ళు నడిచింది, ఇంగ దాన్ని వదిలెయ్, నన్నూ వదిలెయ్" అన్నాను. శనివారం సాయంత్రం బకెట్టు తీసి, బయట వ్యాను లేదని గుర్తొచ్చి, మళ్ళీ మూల పెట్టాడు. యశోదమ్మకు ఫోన్ చేసి, "రేపు బండి రాదమ్మా, ఏమనుకోవద్దు" అని ఐదుసార్లు చెప్పాడు. ఆదివారం వాళ్ళు లేని చర్చిలో కూర్చోలేక మొదటి బస్సుకే నంద్యాల పోయాడు. పది గంటలప్పుడు నేను చర్చి మెట్లెక్కుతుంటే ఫోనొచ్చింది.

"నువ్వు చెప్పిందే రైటు లూదియా. అమ్మేస్తాండా. ఇనుమాయన రేపు పొద్దన్నే వస్తాడంట. యశోదమ్మోళ్ళకు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

గెలిచాను! ఇన్నేళ్ళ పోరు, నా నడుము, నా కాలిన తొడలు, అన్నిటికీ ఇన్నాళ్ళకు విముక్తి. స్తోత్రం చెప్పుకుంటూ లోపలికి అడుగుపెట్టాను. ముందు చాప మీద, మొదటి వరసలో, యశోదమ్మా మిగతా ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఇంకా మొదటి పాట కూడా మొదలు కాలేదు. పన్నెండేళ్ళలో మా వ్యాను ఒక్కసారి కూడా వాళ్ళను మొదటి పాటకు చేర్చలేదు.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు దగ్గర పట్టుకున్నాను. "ఎట్లొచ్చినారు?"

"మావోని ఆటోలో," అంది యశోదమ్మ. "నాలుగేండ్లాయ కద వాడు కొని. ఆదివారం ఇంటి ముందర ఊరికే ఉంటాది."

నేను గొంతు సవరించుకున్నాను. ముసలామె ఏడుస్తుందేమోనని చెయ్యి పట్టుకుని చెప్పాను. "యశోదమ్మా, వ్యాను అమ్మేస్తాండాం."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తింది. "నిజంగానా? దేవునికి స్తోత్రం!"

ఆమె ఆపలేదు. "ఏమనుకోవద్దమ్మా, మావి ఏమన్నా ఇనుప నడుములా? ఆ ఎగిరేది, ఆ తోసేది, వానొస్తే తడిసేది. ఈ పక్కింటామె పోయిన నెల మోకాలు వాచి మంచంలో పడింది."

"మరి ఆటో ఇంటి ముందర పెట్టుకోని మా వ్యాను ఎందుకెక్కినారు?"

"ఎట్ల ఎక్కకుండా ఉండేది? పొద్దన్నే తెల్లచొక్కా ఏసుకోని వస్తాడు. హారన్ కొట్టి, దిగి, తలుపు తాడిప్పి పట్టుకోని 'రా యశోదమ్మా' అంటాడు. ఆయప్ప మొకం చూసి రానని ఎవరన్నా చెప్తారా? మావోడు సారు దగ్గర చదువుకున్నోడే. సారు వచ్చే టయానికి ఆటో పక్కసందులో పెట్టి వస్తాడు, నొచ్చుకుంటాడని." ఆమె నా భుజం తట్టింది. "ఇంగ ఆ బాధ లేదు. సారును హాయిగా పండుకోమను. ఇంగ ఆయప్పకు పొద్దన్నే లేసే పనే లేదు."

నాలుగేళ్ళు! వాళ్ళ కోసం ఆయన, ఆయన కోసం వాళ్ళు, మధ్యలో ఇంజన్ మీద నేను. నవ్వాలో, ఆ ముగ్గురినీ పట్టుకుని కడిగెయ్యాలో తెలియలేదు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే నా నడుము మిగిలేది కదా!

కానీ ఆమె చివర్న అన్న మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది. లేచే పనే లేదు. వచ్చే ఆదివారం మా ఆయన నడిచి చర్చికి వస్తాడు. ఆయన కంటే ముందే ఈ ముగ్గురూ చాప మీద చల్లగా కూర్చుని ఉంటారు. ఆయన వేళ్ళు మడిచి లెక్కేస్తాడు. ఆటో ఎప్పటిదని అడుగుతాడు, వీళ్ళు చెప్తారు. ఆ లెక్క తేలాక ఆయన ఇంటికొచ్చి గోడగడియారం కింద కూర్చుంటే, ఇక ఏ శనివారమూ లేవడు.

నా మీద నాకే కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. చర్చి వెనక్కి పోయి మస్తాన్‌వలికి ఫోన్ చేశాను.

"ఇనుమాయన్ను రావద్దను. ఇంజన్ దింపు."

"అదేందమ్మా, ఇప్పుడే కద సార్ అమ్మేయమని చెప్పి బస్సెక్కినాడు?"

"ఇంజన్ ఉండేది సారు సీటు కింద కాదు, నా సీటు కింద. నేను చెప్తాండా, దింపు." కొత్త ఫ్రిజ్ కోసం వేసిన చీటీ ఆ నెలే పాడుకున్నాను. ఆ డబ్బు అట్లా పోయింది.

తిరిగొచ్చి యశోదమ్మకు చెప్పాను. ఆమె మొహం వేలాడేసింది. "మళ్ళా ఆ వ్యానేనా తల్లీ?" అంది. వ్యాను బాగై వచ్చేదాకా ఆటోలో చర్చికి రావద్దని, వచ్చాక మళ్ళీ ఎక్కమని బతిమాలుకున్నాను. వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "సరేలే, సారు కోసం. ఈమెను మాత్రం తోయమనొద్దు," అంది.

మూడు వారాలకు వ్యాను వచ్చింది. ఎందుకు మనసు మార్చుకున్నావని మా ఆయన అడిగితే, "నీ ఏడుపు మొకం చూళ్ళేక" అన్నాను. ఆ శనివారం గంటన్నర కడిగాడు. ఆదివారం పొద్దున పల్లెలో హారన్ కొట్టేసరికి యశోదమ్మ సంచీ పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది. పక్కసందులో ఆటో ముందు చక్రం కొంచెం బయటికి కనబడుతోంది. ఆయన అటు చూడకుండా గబగబా ఏదో ఒకటి అడిగాను.

"వచ్చినావా సారూ?" అంది యశోదమ్మ, నా వైపు చూడకుండా. "మూడు వారాలు! నువ్వు లేక ఎంత ఇబ్బందైపోయిందో."

ముగ్గురూ మూలుగుతూ ఎక్కారు. ఆయన తలుపుకు తాడు కట్టి, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. నా వైపు వంగి మెల్లగా అన్నాడు.

"చూసినావా లూదియా? నీ మాట విని అమ్మేసింటే, పాపం, వీళ్ళ గతి ఏమయ్యేది?"

ముప్పై మూడేళ్ళలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పకుండా ఉన్నది అదే మొదటిసారి. కింద సీటు అప్పుడే కాలడం మొదలుపెట్టింది.