లింబాద్రి ఇచ్చిన సలహా

నలభై ఏళ్లు వచ్చేదాకా బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో లింబాద్రికి తెలియదు. తెలిశాక మాత్రం కోచ్‌లకే వంకలు పెట్టేంతవాడయ్యాడు. భీంగల్ పక్క పల్లెలో గొర్లు కాసిన మనిషి, బహ్రెయిన్‌కొచ్చి, గలాలీ దగ్గర ఒక క్లబ్బులో ఫర్రాష్‌గా కుదిరి, పదకొండేళ్లుగా ఒకే చెక్క నేల తుడుస్తున్నాడు. ఫర్రాష్ అంటే పెద్ద కొలువేమీ కాదు. కోర్టు తుడవాలి, జెర్సీలు ఉతకాలి, నీళ్ల సీసాలు నింపాలి. మ్యాచ్ రోజున రింగు కింద తువ్వాలు పట్టుకుని కూర్చుని, ఎవరైనా పడితే పరుగెత్తి తడి తుడిచి రావాలి. "చెమట ఆళ్లది, తుడుసుడు నాది" అని నవ్వేవాడు.

నేల మీద బూట్ల గీతలు చూసి ఎవడు ఏ కాలి మీద లేచాడో, ఎవడు బరువు దాచుకుని దిగాడో చెప్పేసేవాడు. గొర్రె అడుగులు చూసి మందలో కుంటిదేదో పట్టేసిన కళ్లవి, ఊరు మారినంత మాత్రాన ఎక్కడికి పోతాయి? ఆ కళ్లే లేకపోతే ఈ కథలో లింబాద్రి తప్పు సగానికి సగం తగ్గేది. చూడలేదు పాపం అని సరిపెట్టుకునేవాళ్లం. కానీ చూశాడు. అందరికంటే ముందు చూశాడు.

రెండేళ్ల కిందట ఆ కోర్టు మీదికి జస్వంత్ వచ్చాడు. ఇరవై ఏళ్లు, ఆరడుగుల ఆరంగుళాలు. వాళ్ల నాన్న కృష్ణప్రసాద్ అవాలిలో ఇంజనీరు. సొంతూరు తెనాలి వైపు. పిల్లాడు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, అరబ్బీ కూడా గడగడా మాట్లాడేస్తాడు. మొదటి వారం అతను ఏ దేశం వాడో లింబాద్రికి అంతు చిక్కలేదు. ఒకరోజు ప్రాక్టీసయ్యాక వాడు ఫోన్లో "అమ్మా, పప్పుచారు ఉంచు, వచ్చేస్తున్నా" అన్నాడు. లింబాద్రి చేతిలో తుడుపు కర్ర అలాగే ఆగిపోయింది.

"నువ్వు మనోనివా!"

"తెలుగేనండీ అంకుల్."

"అంకులేంది బిడ్డా, కాకా అను. ఇంత పొడుగు తెలుగోణ్ణి నేను పుట్టి చూడలే."

ఆ ఏడాది ఎంత బాగా గడిచిందో! జస్వంత్ మ్యాచ్‌కి పదహారు, పదిహేడు పాయింట్లు కొట్టేవాడు. ఎడమ కాలి మీద లేస్తే మళ్లీ దిగుతాడా లేదా అన్నట్టుండేది. గ్యాలరీలో డప్పులు వాయించేవాళ్లు వాడి పేరుకి ఒక దరువు కట్టారు. పేపర్లో ఫొటో పడితే లింబాద్రి దాన్ని కత్తిరించి, క్యాంపులో తన మంచం పక్క గోడకు అంటించాడు. గదిలోవాళ్లు "నీ కొడుకా?" అని ఆట పట్టిస్తే కాదని గట్టిగా చెప్పబుద్ధి కాలేదు. క్లబ్బుతో జస్వంత్‌కి రెండేళ్ల కాంట్రాక్టు. వీసా కూడా క్లబ్బు మీదే, అంటే వీసాకి పూచీపడే కఫీల్ క్లబ్బే. రెండో సీజన్ బాగా ఆడితే మూడేళ్లకు పెంచుతారని, పొరుగు దేశాల పెద్ద క్లబ్బులు కూడా చూస్తున్నాయని అందరూ అనుకున్నారు.

రెండో సీజన్ అక్టోబరులో మొదలైంది. మొదటి మ్యాచ్ గెలిచారు కానీ జస్వంత్ చేసింది ఆరు పాయింట్లే. మర్నాడు కోర్టు తుడుస్తూ లింబాద్రి రింగుకి రెండడుగుల ముందు కూర్చుండిపోయాడు. అక్కడ రోజూ పడే ఎడమ బూటు గీత లేదు. కుడి బూటుది ఉంది. పిల్లాడు కాలు మార్చి లేస్తున్నాడు.

ఆ సాయంత్రం జెర్సీలు ఉతికే గదిలోకి జస్వంత్ తనే వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, మిషన్ మీద ఎడమ కాలు పెట్టి, ప్యాంటు పైకి లాగాడు. మోకాలికి జానెడు కింద, ఎముక మీద చిన్న ఉబ్బు. లింబాద్రి వేలితో తాకితే వాడు పళ్లు బిగబట్టాడు.

"నెల నుంచీ ఉంది కాకా. లేచినప్పుడల్లా సూదితో పొడిచినట్టుంటోంది. టీమ్ డాక్టర్‌కి చెప్పమంటావా?"

ఒక్క మాట. "చెప్పు" అనే ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ లింబాద్రి నిలబడింది ఆ గదిలోనే, చూపు మాత్రం అక్కడ లేదు. అతని మనసు ఇరవై ఏళ్లు వెనక్కి, హిద్‌లో ఓడల యార్డుకి పోయింది.

అప్పట్లో అతను అక్కడ హెల్పరు. ఒకరోజు పని చేసే చట్రం మీంచి జారి పడ్డాడు. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. నోరెత్తలేదు. లుంగీని నాలుగు చుట్లు బిగించి కట్టుకుని మూడు నెలలు డ్యూటీ చేశాడు, ఓవర్‌టైంతో సహా. క్యాంపులో అతని గదిలోనే ఉండే దేవన్న మాత్రం గుండెలో నొప్పిగా ఉందని క్లినిక్‌కి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. కాగితం మీద అన్‌ఫిట్ అని పడింది. వారం తిరక్కుండా సామాన్ సర్దించి విమానం ఎక్కించారు. ఆ రోజు నుంచి ఆ గదిలో ఒకటే వేదం: నొప్పి ఉన్నా లేదను. వీసా మెడికల్‌కి పోయే ప్రతి కొత్తవాడికీ లింబాద్రి ఆ పాఠమే చెప్పాడు. ఎందరివో కొలువులు నిలిచాయి కూడా. అందుకే అది తప్పని అతనికి ఏనాడూ తోచలేదు.

"చెప్పకు బిడ్డా, అస్సలే చెప్పకు," అన్నాడు. "అన్‌ఫిట్ అని రాసిండ్రంటే ఖలాస్. వీజా పాయె, ఆట పాయె. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తదంటరు, ఇనలేదా? నువ్వు దినాం నా దగ్గరికి రా. నువ్వుల నూనెతోని మంచిగ రుద్దుత. మార్చి దాంక లాక్కరా, కాంట్రాక్టు మీద సంతకం కానియ్, గప్పుడు చెప్పుకుందువు."

జస్వంత్ కాసేపు అతని ముఖంలోకే చూశాడు. ఇంకేదో అంటాడని ఎదురు చూస్తున్నట్టే ఉన్నాడు. తర్వాత ప్యాంటు కిందికి లాక్కుని, "సరే కాకా" అని వెళ్లిపోయాడు.

ఇక ఆ సీజన్ గురించి ఏం చెప్పమంటారు! చూడలేకపోయారు జనం. నవంబరులో పది మ్యాచ్‌లాడితే రెండింట్లోనే పది పాయింట్లు దాటాడు. పోయినేడు కళ్లు మూసుకుని వేసినవి ఈ ఏడు రింగుకి తగిలి తిరిగొచ్చేవి. డిఫెన్స్‌లో తనకంటే పొట్టివాళ్లు వాడి పక్క నుంచే దూసుకుపోయేవారు. కోచ్ ట్యునీషియా మనిషి, మంచివాడే. మొదట భుజం తట్టాడు, తర్వాత అరిచాడు, డిసెంబరుకి బెంచీ మీద కూర్చోబెట్టాడు. డప్పుల వాళ్లు దరువు మానేశారు. "ఒక్క ఏడాదికే బలిసిపోయాడు" అని గ్యాలరీలో ఎవడో అరబ్బీలో అంటే, రింగు కింద కూర్చున్న లింబాద్రికి చెంప మీద కొట్టినట్టయింది. లేచి, నీకేం తెలుసురా నాయనా అని అరవాలనిపించింది. అరిస్తే గుట్టు బయటపడుతుంది కదా. మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

రోజూ ప్రాక్టీసయ్యాక ఉతికే గదిలో నూనె రుద్దేవాడు. ఎంత ప్రేమగా రుద్దేవాడో, ఆ ఎముకకి అంత కీడు చేశాడు. ఉబ్బు తగ్గలేదు సరికదా, చేతికి గట్టిగా తగలసాగింది. జనవరిలో ఒకసారి భయమేసి, "చెప్పేద్దామా బిడ్డా?" అని అడిగాడు. "ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు కాకా. ఇంకెంత, రెండు నెలలే కదా," అన్నాడు జస్వంత్. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టే అన్నాడు.

ఫిబ్రవరిలో, ఓడిపోతున్న ఒక మ్యాచ్ ఆఖర్లో కోచ్ వాడిని కోర్టులోకి దింపాడు. రింగుకి తగిలి తిరిగొచ్చిన బంతి కోసం జస్వంత్ లేచాడు. అలవాటు కొద్దీ ఎడమ కాలి మీదే లేచాడు, ఎడమ కాలి మీదే దిగాడు. ఎండుకట్టె విరిగినట్టు టప్పుమంది. లింబాద్రి తువ్వాలు పట్టుకుని పరుగెత్తాడు, కానీ అక్కడ తుడవడానికి చెమట ఏమీ లేదు. మోకాలి కింద కాలు ఒక పక్కకి తిరిగి ఉంది.

ఆసుపత్రిలో రాడ్ వేశారు. ఇది ఇవాళ్టి విరుపు కాదు, ఎముకలో నెర్రె నెలల కిందటిది అన్నాడు పెద్ద డాక్టరు. మొదట్లో వచ్చి ఉంటే రెండు మూడు నెలల విశ్రాంతితో అతుక్కునేదట. ఇప్పుడు నడుస్తాడు, పరుగెత్తుతాడు కూడా. ఆ ఎత్తుకి మళ్లీ లేవడం మాత్రం కష్టమేనన్నాడు. టీమ్ డాక్టరు తల పట్టుకున్నాడు. "నాకు ఒక్క మాట చెబితే సీజన్ మధ్యలోనైనా ఆపేవాణ్ణి. కాంట్రాక్టులో గాయాలకి వేరే షరతే ఉంది, వాడినెవరూ పంపేవాళ్లు కారు," అన్నాడు. ఆ మాట లింబాద్రి గోడకి ఆనుకుని విన్నాడు. పంపేవాళ్లు కారట! ఓడల యార్డులో అన్‌ఫిట్ అంటే ఒకటి, ఇక్కడ గాయమంటే ఇంకొకటి. ఆ తేడా తనకి తెలియదు, తెలియదని కూడా తెలియదు.

మర్నాడు కోచ్ క్లబ్బులో అందరినీ వరసగా అడిగాడు. కాలి సంగతి ఎవరికైనా తెలుసా అని. లింబాద్రి వంతు వచ్చింది.

"మాఫీ మాలూమ్," అన్నాడు. తెలియదన్నాడు.

తెలియదట! బూటు గీతలు చూసి చెప్పగల మనిషి, నాలుగు నెలలు ఆ ఎముకని చేత్తో రుద్దిన మనిషి, తెలియదన్నాడు. కొలువు పోతుందన్న భయం తప్ప ఆ క్షణంలో అతని బుర్రలో ఇంకేమీ లేదు. పిల్లాణ్ణి అడిగితే వాడూ ఎవరికీ తెలియదనే చెప్పాడట, లింబాద్రి పేరెత్తలేదు. అది విన్నాక లింబాద్రి తేలుకుట్టిన దొంగలా తిరిగాడు. గోడ మీది ఫొటో వైపు చూడలేక అటు తిరిగి పడుకునేవాడు.

చివరికి భార్య పోచవ్వకి ఫోన్లో చెప్పుకున్నాడు. ఆమె ఊరుకునే మనిషా?

"గొర్లు కాసెటోనివి, నీకెందుకయ్య కాళ్ల బొక్కల ముచ్చట? నువ్వేమన్న డాక్టరువా?"

"దేవన్నను పంపిచ్చిండ్రు గద, నా కండ్లతోని చూస్తి..."

"దేవన్నకేమైంది? ఆడికెల్లి రాంగనే హైదరాబాదుల గుండెకు ఆపరేషన్ చేపిచ్చుకుండు. రాయిలెక్కున్నడు. పసుపు పండిస్తున్నడు, మనుమండ్లను ఎత్తుకుంటున్నడు. నువ్వో? ఇంటికొస్తె ఆ పక్కటెముకలతోని సక్కగ కిందికి వంగుతవా? మొత్తం ముచ్చట చెప్పినవా పోరనికి, సగమే చెప్పినవా?"

సగమే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా అందరికీ సగమే చెబుతున్నాడు. దేవన్న కథని విమానం ఎక్కించి అక్కడితో ఆపేవాడు.

"పోయి ఆ తల్లిదండ్రులకు చెప్పు. తిడితె తిట్టనీ," అని పోచవ్వ ఫోన్ పెట్టేసింది.

మార్చిలో క్లబ్బు కొత్త కాంట్రాక్టులు ప్రకటించింది. జస్వంత్ పేరు లేదు. ఆ శుక్రవారం, లాకర్లో మిగిలిన వాడి సామాను ఒక సంచిలో సర్దుకుని లింబాద్రి అవాలి బయల్దేరాడు. రెండు బస్సులు మారి, ఎడారి దాటి, చెట్లున్న ఆ వీధుల్లో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. దారి పొడుగునా చెప్పాల్సింది కూడబలుక్కున్నాడు. కొలువు పోతే పోనీ అని కూడా గట్టిగానే అనుకున్నాడు.

కృష్ణప్రసాద్ వాకిట్లోనే ఉన్నాడు. మనిషి పోయిన ఏడాదికి సగమయ్యాడు.

"రండి లింబాద్రి గారూ. వాడు లోపల పడుకున్నాడు. మీ గురించే చెబుతుంటాడు ఎప్పుడూ. కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను."

"నీళ్లొద్దు సారూ. ముందు నా మాట ఇనుండ్రి. ఇన్నంక నీళ్లిస్తరో, తంతరో, మీ ఇష్టం." కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. బూటు గీత, ఉతికే గది, నువ్వుల నూనె, కోచ్ అడిగితే తెలియదనడం, ఏదీ మిగల్చలేదు. "పోరడు చెప్పాల్నా అని అడిగిండు సారూ. నేనే వద్దన్న. వాని కాలు ఇరగ్గొట్టింది నేనే."

కృష్ణప్రసాద్ తిట్టలేదు.

"ఏ రోజు అడిగాడు మిమ్మల్ని?"

"ఫస్టు మ్యాచ్ అయిన తెల్లారి సారూ. ఆదివారం పొద్దుమూకినంక."

"ఆదివారం సాయంత్రం," అని ఆయన మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ పొద్దున్నే నన్నడిగాడండీ. ఇక్కడే, ఈ మెట్టు మీదే కూర్చుని. డాక్టర్‌కి చెప్పనా నాన్నా అన్నాడు. పిచ్చివాడా, వీసా క్లబ్బు చేతిలో ఉంది, కాంట్రాక్టు తేలేదాకా నోరెత్తకు అన్నాను. ఇంత చదువుకుని నేనన్న మాట అది." ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నేను కాదన్నానని మీ దగ్గరికొచ్చాడు. మీరైనా చెప్పమంటారేమోనని."

ఆ రోజు వాడు తన ముఖంలోకి అంతసేపు ఎందుకు చూశాడో లింబాద్రికి అప్పుడు తెలిసింది.

"అయ్యో సారూ," అన్నాడు. "ఇద్దరిట్ల ఒక్కలమన్న చెప్పుమనకపోతిమి గదా!"

"ఎవరొచ్చారు నాన్నా?" అని లోపలి నుంచి జస్వంత్ గొంతు వినిపించింది. కృష్ణప్రసాద్ కళ్లజోడు పెట్టుకుని మెట్టు మీంచి లేచాడు, లింబాద్రి సంచి పట్టుకుని ఆయన వెనకే లోపలికి నడిచాడు.