తాలు నెత్తిన పెట్టుకున్న మనిషి

మా మామయ్య పోయాడని పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే ఫోను వచ్చింది. మా అమ్మకు ఒక్కడే అన్న. గుంటూరు దగ్గర పల్లెలో జీవితమంతా మిరప వేసిన రైతు. పిల్లల్లేరు. "మంచెల పేరు ఈయనతో సరి, అమ్మాయ్" అని అత్తయ్య ఏడ్చింది. మామయ్యకున్న ఒకే ఒక్క బెంగ అదే.

మంచెల అన్నది వాళ్ల ఇంటిపేరు. ఎవరో ముత్తాత జొన్నచేలకు కాపలాగా ఏడాదిలో సగం మంచె మీదే ఉండేవాడట. "దిగితే పెళ్లాం పని చెబుతుందని భయం అయ్యుంటదిలే" అనేవాడు మామయ్య.

తొంభైల చివర్లో ఒక ఏడు, కల్లంలో ఎండుతున్న కాయ మీద వాన పడింది. బాగా చెడింది ఏరేసినా, సగం తెల్లబారిన తాలు కాయ పారెయ్యబుద్ధి కాదు. దాన్ని బస్తా అడుగున తోసి, ఎర్రకాయ పైన సర్దడం ఊరంతా చేసేదే. మామయ్య తాలు మూతి దగ్గరే పోసి కుట్టించాడు.

"ఏరా, తాలు నెత్తిన పెట్టుకుని అమ్ముకుంటారంట్రా ఎవరన్నా?" అన్నాడు పక్కచేను రైతు.

"కొన్నోడు ఇంటికెళ్లాక తిట్టకూడదురా. తిట్టేదేదో నా మొహానే తిట్టమను."

ధర పడిపోతుందని అత్తయ్య నెత్తీ నోరూ కొట్టుకుంది. నేనప్పుడు గుంటూరులో చదువుకుంటూ, మిర్చి యార్డుకు మామయ్య క్యారేజీ పట్టుకెళ్లాను. వచ్చినవాళ్లంతా మూతి విప్పి చూసి, ఒక్క మాటైనా అడక్కుండా వెళ్లిపోతున్నారు. సిగ్గుతో నేను తల ఎత్తలేదు. మామయ్య మాత్రం పెరుగన్నం నింపాదిగా తిన్నాడు.

సాయంత్రం ఒక వ్యాపారి వచ్చాడు. "పైనే ఇట్టా ఉంటే లోపలింకేం ఉంటదయ్యా" అంటూ ఎగతాళికి బస్తా పొట్ట కోశాడు. ఎర్రటి కాయ బొలబొలా కాళ్ల మీద పడింది. ఇంకోటి కోశాడు. మూడోది కొయ్యలేదు. మొత్తం ఆయనే కొన్నాడు.

మరుసటేడు బస్తాలు బండి దిగకముందే, "మంచెల బస్తాలు వచ్చినయ్యా?" అని ఆ వ్యాపారే అడిగాడు. రెండేళ్లకు ఆ పల్లెలో సగం మంది తాలు పైన పోయడం మొదలుపెట్టారు. వెక్కిరించిన పక్కచేను రైతు బస్తాలు కూడా యార్డులో మంచెల బస్తాలే అయ్యాయి. మామయ్య ఏమీ గొప్పలు పోలేదు. "తప్పు దాచాలంటే రోజూ గుర్తుపెట్టుకోవాలి. నాకంత జ్ఞాపకశక్తి లేదు" అని నవ్వేవాడు.

పెదకర్మ అయ్యాక నేనుండే మార్టూరు వచ్చేశాను. మర్నాడు సంతలో ఒకావిడ దగ్గర వంకాయల కోసం ఆగాను. గంపలో పైనే రెండు పుచ్చులు కనిపించాయి.

"చూసుకోండమ్మా. మంచెల గంప ఇది."

నేను గంప ముందు కూర్చున్నాను. "మంచెల అంటే ఏంటమ్మా?"

"ఏమోనండీ, అంటారట్టా. చెడ్డది పైనుంటే మంచెల. లోపల చూసుకోనక్కర్లా."

మామయ్యా, గెలిచావు. నువ్వెవరో తెలియనివాళ్లు కూడా నీ ఇంటిపేరు చెప్పి ధైర్యంగా అమ్ముకుంటున్నారు. ఆ సాయంత్రమే అత్తయ్యకు ఫోను చేసి చెప్పాను.

వంకాయలావిడ అప్పటికే పుచ్చులు రెండూ తీసి పక్కన పెట్టింది. కింద నీలంగా, తొడిమలతో సహా నిగనిగలాడుతూ గంపెడు వంకాయలు. నేను ఏరకుండా సంచి పట్టాను.