బియ్యం డబ్బాలో రౌటరు

2022 నాటి మాట. పిడుగురాళ్లలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పనిలో అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. సున్నపు బట్టీల దుమ్ము ఇక్కడ దేన్నీ వదలదు. అందుకే ప్రతి ఇంట్లోనూ "దీని మీద దుమ్ము పడనివ్వకండమ్మా" అని, అన్నీ తెలిసినవాడిలా ఒక మాట చెప్పి వచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రూతమ్మ టీచరు గారింటి నుంచి ఫోన్ వచ్చింది. తుంటి ఎముక విరిగి ఆవిడ రెండు నెలలుగా మంచం మీదే ఉన్నారు. ఆవిడ పాటలు నేర్పిన పిల్లలు ఆ రోజు పదింటికి చర్చి వార్షికోత్సవంలో పాడుతున్నారు. దాన్ని లైవ్‌లో చూడాలనే స్ట్రీమింగ్ బాక్సు కొన్నారు. మామూలు టీవీలో ఇంటర్నెట్ కార్యక్రమాలు చూపించే చిన్న పెట్టె అది. తెర మీద బొమ్మ రాకుండా చక్రం తిరుగుతూనే ఉందట.

నేను వెళ్లేసరికి కోడలు సుగుణ ఏడుపు మొహంతో ఉంది. "ఇద్దరు మెకానిక్‌లు వచ్చి చూశారన్నయ్యా. బాక్సే పోయిందన్నారు."

"ఫోన్‌లో నా కళ్లకు ఆనదు బాబూ. ఆ పిల్లల్ని టీవీలో చూపించు, చాలు" అన్నారు టీచరు గారు.

బాక్సులో సిగ్నల్ చూస్తే ఒక్క గీతే ఉంది. బాక్సును వదిలేసి, బయటి నుంచి వచ్చిన వైరు వెంట నడిచాను. అది వంటింట్లోకి వెళ్లి స్టీలు బియ్యం డబ్బాలో దూరింది. మూత తీస్తే లోపల రౌటరు! ఇంటికి వై-ఫై పంచేది అదే. పెనంలా కాలుతోంది.

"ఇదేంటమ్మా?"

"దుమ్ము పడకూడదని మీరేగా చెప్పింది! నా ఫోన్‌కి ఇక్కడ బానే వస్తోంది కదా?"

తిట్టబోయి ఆగిపోయాను. స్టీలు సిగ్నల్‌ను బయటికి పోనివ్వదని నేను చెబితే కదా ఆ అమ్మాయికి తెలిసేది! సిగ్గేసింది.

పదికి పది నిమిషాలుంది. రౌటరును తీసి ఎత్తుగా ఉన్న చెక్క అలమరలో పెట్టాను. అయినా నమ్మకం చాలక, వై-ఫైతో పని లేకుండా నేరుగా కలిపే ల్యాన్ కేబుల్‌ను గుమ్మం మీదుగా లాగి బాక్సుకు తగిలించాను. పాట మొదలయ్యేసరికి పిల్లలు తెర నిండా నిలబడ్డారు.

టీచరు గారు పడుకున్నచోటి నుంచే చెయ్యెత్తి తాళం వేశారు. "రెండో వరసలో ఆ పిల్ల తొందరపడుతోంది" అని విసుక్కుంటూనే కళ్లు తుడుచుకున్నారు.

ఇద్దరు చేతులెత్తేసిన కేసు నేను గెలిచానని అప్పుడూ చెప్పుకున్నాను, ఇప్పటికీ గర్వంగా చెబుతాను. కానీ ఏం చెయ్యకూడదో మాత్రమే చెప్పి వచ్చేస్తే పని సగమే అయినట్టని కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు రౌటరు ఎక్కడ పెట్టాలో, ఎలా తుడవాలో చూపించి, ఇంట్లోవాళ్ల చేత ఒకసారి చేయించాకే గుమ్మం దాటుతాను.