ఎడమ చెవి వెనక నొప్పి

దయ్యాలు, శకునాలు అంటే నవ్వి ఊరుకునే రకం నేను. పిల్లి ఎదురొస్తే దానికి దారిచ్చి నా పనికి నేను పోయేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని చెప్పను. 2007 చలికాలంలో నా భార్య లావణ్యకి జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అప్పుడు మేం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉండేవాళ్ళం. పెళ్ళై మూడేళ్ళు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. లావణ్య టీమ్ వాళ్ళు పెన్సిల్వేనియా కొండల్లో స్నోబోర్డింగ్‌కి, అంటే కాళ్ళకి పలక కట్టుకుని మంచు మీద జారే ఆటకి, ప్లాన్ చేశారు. తనకి ఒకటే ఉత్సాహం, నాకు భయం. బోర్డూ బూట్లూ అక్కడే అద్దెకిస్తారు. దెబ్బలు తగలకుండా ఒంటికి వేసుకునేవి మాత్రం ముందే కొనుక్కోవాలని నేనే పట్టుబట్టాను.

శనివారం మధ్యాహ్నం హైవే పక్కన స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాం. అక్కడ పనిచేసే అమెరికన్ ఆవిడకి అరవై దాటి ఉంటాయి. చాలా ఏళ్ళు కొండల మీద మంచులో జారడం నేర్పిందట. కొత్తవాళ్ళు పడుతూ చేతులు ఆనించి మణికట్లు విరగ్గొట్టుకుంటారని ముందు రిస్ట్ గార్డులు తీసింది. తర్వాత మోకాళ్ళకి ప్యాడ్లు, వెనక్కి కూలబడినా పర్వాలేకుండా లోపల మెత్త కుట్టిన షార్ట్స్. అన్నీ లావణ్యకి సరిగ్గా కుదిరాయి.

హెల్మెట్ దగ్గర ఆగిపోయాం.

ఆవిడ టేపుతో తల కొలిచి ఒకటిచ్చింది. తల ఊపితే కదలకూడదు, అలాగని ఎక్కడా నొక్కకూడదు అంది. లావణ్య పెట్టుకుని రెండు నిమిషాలైనా ఉంచుకోలేదు. ఎడమ చెవి వెనక నొప్పి పుడుతోందంది.

జడ క్లిప్పు నొక్కుతోందేమో అనుకున్నాం. క్లిప్పు తీసి జుట్టు వదిలేసింది. మళ్ళీ అక్కడే. సైజు పెంచాం, కంపెనీ మార్చాం. మొత్తం ఐదు హెల్మెట్లు చూశాం, ఐదింటికీ అదే చోట నొప్పి. ఆవిడ వేలితో చెవి వెనక నొక్కి చూసింది. ఊరికే నొక్కితే ఏమీ లేదు, హెల్మెట్ పెడితేనే. వాటిలో పెద్దది నేను పెట్టుకున్నాను, హాయిగానే ఉంది. ఆ చోట లోపల మెత్తటి ప్యాడ్ తప్ప గట్టిది ఏదీ లేదు.

ఐదోది తీసేసరికి లావణ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరో కొట్టినట్టుందండీ. నా వల్ల కాదు" అంది.

ఆ రోజుల్లో హెల్మెట్ లేకుండా వెళ్ళేవాళ్ళు చాలామందే ఉండేవారు. "పోనీ వదిలేయ్, నేర్చుకునేవాళ్ళ స్లోపే కదా" అన్నాను. అన్నది నేనే. బదులుగా ఒక ఉన్ని టోపీ కొన్నాం. షాపావిడకి నచ్చలేదు కానీ బలవంతపెట్టలేదు.

తర్వాతి శనివారం కొండకి వెళ్ళాం. ఎండ బాగా కాసింది. నేను బోర్డు ఎక్కలేదు, స్లోప్ కింద నిలబడి ఫోటోలు తీస్తున్నాను. లావణ్య పొద్దుటి నుంచి ఏడెనిమిది సార్లు పడి, లేచి, నవ్వుతూనే ఉంది. పదకొండు గంటలప్పుడు దాదాపు ఆగి ఉన్న మనిషి, బోర్డు మడమల వైపు అంచు మంచులో దిగబడి, వెల్లకిలా పడింది. అక్కడ మంచు గడ్డకట్టి బండలా ఉంది.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి లేచి కూర్చుంది. చేతులు ఆడించి చూపించింది. టోపీ తీసి, ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఆ మొహం నేను మర్చిపోలేను. భయం కాదు, తెలిసిన మనిషిని గుర్తుపట్టినట్టుంది.

"ఇదేనండీ. షాపులో వచ్చింది ఈ నొప్పే" అంది.

తన నోట నేను విన్న సరైన మాటల్లో అదే ఆఖరిది. కొండ కింద విశ్రాంతి తీసుకునే లాడ్జ్‌లో కూర్చోబెట్టి కాఫీ తెచ్చేలోపు మాట తడబడింది, వాంతి చేసుకుంది. అంబులెన్స్ వచ్చింది, అక్కడి నుంచి హెలికాప్టర్. తల లోపల రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. మూడో రోజు పోయింది.

ఆ మూడు రోజుల్లోనే డాక్టర్‌ని అడిగాను. దెబ్బకి ముందే అక్కడ గడ్డగానీ పాత పగులుగానీ ఉందా అని. ఆయన స్కాన్ తీసి ఓపిగ్గా చూపించాడు. ఎడమ చెవి వెనక పగులు ఒక్కటే, అదీ కొత్తది. అంతకుముందు అక్కడ నొప్పి రావడానికి కారణమేదీ తనకి కనబడలేదన్నాడు.

కర్మలయ్యాక ఆ షాపుకి వెళ్ళాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి లావణ్య ఎలా ఉందని అడిగింది. చెప్పాను. ఆవిడే ఆ ఐదు రకాలూ బయటికి తీసి లోపలంతా తడిమి చూసింది. నుదురు నొక్కుతోందనీ కణతలు నొక్కుతున్నాయనీ అన్నవాళ్ళున్నారు గానీ చెవి వెనక నొప్పి అన్నవాళ్ళు తనకి ఎప్పుడూ తగల్లేదంది.

ఎవరికైనా చెబితే, దేవుడు ముందే హెచ్చరించాడంటారు. మా అత్తగారికి ఆ మాటే ఊరట. నేను కాదనను. కానీ హెచ్చరికైతే హెల్మెట్ పెట్టుకోమనాలి కదా. ఆ నొప్పి తనతో హెల్మెట్ తీయించింది. ఆ నొప్పే లేకపోతే లావణ్య హెల్మెట్‌తోనే పడేది, బతికేదేమో. ఇంకా తగలని దెబ్బ వారం ముందే ఎలా నొప్పి పుట్టించిందో, నొప్పి పుట్టించి మరీ ఆ దెబ్బ తన దారి తనే ఎలా వేసుకుందో, ఎన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఇక అంతుపడుతుందన్న ఆశ కూడా లేదు.