మోటర్ వెనక ఊదు

పూర్తిగా చచ్చిన యంత్రమంటే నాకు భయం లేదు. ఏ తీగ తెగిందో, ఏ కార్డు కాలిందో పొద్దుగూకేలోపు దొరికిపోతుంది. అప్పుడప్పుడు చెడిపోయే యంత్రమే నా రక్తం తాగుతుంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడితే కొత్త కోడలిలా బుద్ధిగా ఉంటుంది, బస్సెక్కానో లేదో మళ్ళీ మొదలు. జనగామలో కాపురముంటూ మహబూబాబాద్ రైస్ మిల్లుల నుంచి భూపాలపల్లి షెడ్ల దాకా నేను తిరిగేది ఎక్కువగా ఇలాంటివాటి కోసమే. ఓపిక నాకు పుట్టుకతో రాలేదు. ఈ పని చేశాకా రాలేదు.

పోయిన ఎండాకాలం భూపాలపల్లి నుంచి ఒక చాచా ఫోన్ చేశాడు. చెల్పూర్ రోడ్డు మీద ఆయనకొక షెడ్డు ఉంది. వరికోత మిషన్ల పళ్ళచక్రాలు, పంపుల షాఫ్టులు చేసిస్తాడు. జీవితమంతా లేతు మిషన్ మీదే బతికి, కొడుకు చేతికి అందాక హైదరాబాద్‌లో ఎవరో తీసేసిన పాత సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ కొన్నాడు. కంప్యూటర్ చెప్పినట్టు బల్ల కదులుతుంటే పైనున్న కట్టర్ ఇనుమును చెక్కుతుంది. చాచా నాకు ఎప్పటినుంచో తెలుసు గానీ ఆ యంత్రం మీద నేనెప్పుడూ చేయి వేయలేదు.

"బేటా, మిషన్ నా కొడుకు ఏలు కొరికింది," అన్నాడు. "జర జల్ది రా."

నేను వెళ్ళేసరికి కొడుకు ఎడమచేతి వేలికి కట్టుతోనే యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. వైస్‌లో ముక్క బిగిస్తుంటే, ఆగి ఉన్న బల్ల ఉన్నట్టుండి పక్కకు ఎగిరిందట. వైసుకూ కట్టర్‌కూ మధ్య వేలు నలిగింది. దవాఖానలో కుట్లు వేశారు. గోరు పోయినా వేలు దక్కింది.

"బంద్ పెట్టకుండ లోపల చెయ్యి ఎందుకు పెట్టినవ్?" అని గట్టిగానే అరిచాను.

"బంద్ పెడితే మళ్ల సున్నా కాడికెల్లి మొదలువెట్టాలె అన్నా. ఒక్కో ముక్కకు గట్ల చేస్తె పనెప్పుడైతది?"

అందరూ చెప్పే మాటే అది. ఇంకా తిట్టేవాణ్ణే, కానీ చాచాను చూసి ఆగాను. ఆయన కొడుకు వెనకే నిలబడి ఉన్నాడు. కొడుకు చేయి బల్ల దగ్గరికి పోయినప్పుడల్లా ఆయన గుప్పిలి బిగుసుకుంటోంది.

"గీ జబ్బేందో దొరకకుంటె వీడు రేపు గూడ గిట్లనే చెయ్యి పెడ్తడు బేటా. నా మాట ఇనడు. ఈసారి చెయ్యే పోతది," అన్నాడు. ఆ మాటతో నా కోపం చల్లారి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. నేను బాగైందని చెప్పి వెళ్ళాక ఆ బల్ల మళ్ళీ ఎగిరితే?

ఆ బల్లను అడ్డంగా ఒకటి, ముందుకూ వెనక్కూ ఒకటి, రెండు సర్వో మోటర్లు కదిలిస్తాయి. మోటర్ వెనక ఎన్‌కోడర్ అనే చిన్న పరికరం ఉంటుంది. లోపల ఒక గాజు బిళ్ళ, దాని మీద కంటికి ఆనని గీతలు. బిళ్ళ తిరుగుతుంటే గీతల మధ్య నుంచి వెలుతురు పడుతూ, ఆగుతూ, బల్ల ఎంత కదిలిందో కంట్రోలర్‌కు లెక్క చెబుతుంది. ఆ లెక్క తప్పిందా, బల్ల తన చోట లేదనుకొని కంట్రోలర్ దాన్ని తోస్తుంది. వేలు అడ్డముందో లేదో దానికేం తెలుసు?

నా పద్ధతి మొరటుది, మార్చి చూడటమే. అడ్డంగా కదిలించే మోటర్‌కు కరెంటు పంపే డ్రైవ్‌ను తీసి ముందుకూ వెనక్కూ కదిలించే మోటర్‌కు పెట్టాను. జబ్బు డ్రైవ్‌దైతే దానితోపాటే రెండో మోటర్‌కు పోవాలి. పోలేదు. కేబుళ్ళు మార్చాను, అప్పుడూ పోలేదు. మోటర్ వేడెక్కాక మళ్ళీ లెక్క తప్పిందన్న అలారమే, మళ్ళీ ఆ అడ్డం మోటర్‌కే. చివరికి సిగ్నల్ చూసే చిన్న తెరను ఎన్‌కోడర్ తీగలకు తగిలించాను. పక్క మోటర్ అల నిండుగా లేస్తుంటే, దీనిది నీరసంగా సగం కూడా లేవడం లేదు.

ఇక ఎన్‌కోడర్ విప్పాల్సిందే. విప్పుతుంటే గాజు బిళ్ళ పగిలిందా, ఇంత పాత యంత్రానికి ఇంకొకటి దొరకదు. విప్పకపోతే ఆ పిల్లవాడి చేయి. రోట్లో తలపెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకని సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. అప్పుడే మసీదు నుంచి అజాన్ వినిపించింది.

"నమాజ్‌కు పోయొస్త. నేనచ్చేదాక వీణ్ణి దగ్గరికి రానియ్యకు," అని చెప్పి చాచా వెళ్ళాడు.

మోటర్ వెనక మూత చేత్తో లాగితేనే ఊడొచ్చింది. స్క్రూలు వదులు, మధ్యలో ఉండాల్సిన రబ్బరు రింగు లేదు. లోపల గాజు బిళ్ళ మీద టీ డికాషన్ రంగులో జిగట పొర. దూదికి స్పిరిట్ అద్ది ఊపిరి బిగబట్టి తుడిచాను. దూది నల్లబడింది.

"గీ మూత ఎవరు తీసిన్రు?" అని అడిగాను.

కొడుకు తండ్రి పోయిన దిక్కు చూసి నవ్వాడు. "అబ్బానే అన్నా. పోయినేడు మిషన్ ఒకటి రెండు మాట్ల ఆగితె, అమ్మిన హైదరాబాద్ మేస్త్రికి ఫోన్ చేసిండు. 'మోటర్ ఎనక మూత తీసి ఊదు చాచా' అన్నడట ఆయన. దుమ్ము పోవాల్నని నోటితోని ఊదమన్నడు. అబ్బాకేమో ఊదంటె ఊదే! గప్పటిసంది ప్రతి గురువారం ఏస్తుండు."

నిప్పుల మీద సాంబ్రాణి వేసి, నెమలీకల కట్టతో దుకాణమంతా పొగ పట్టడాన్ని మా దగ్గర ఊదు వేయడమంటారు. ప్రతి గురువారం ఫకీరు సాయిబు ఊదు వేసుకుంటూ బజారంతా తిరుగుతాడు. హిందువులైనా, ముస్లింలైనా వద్దనేవాళ్ళుండరు. దిష్టి పోతుందని మా ఇంట్లోనూ వేయించుకుంటాం. చాచా ఆ మేస్త్రీ మాటను నమ్మి, ప్రతి గురువారం మూత తీసి మరీ మోటర్ లోపలికి పొగ పట్టించాడన్నమాట. నాకూ నవ్వాగలేదు. పొద్దుటినుంచి కొండను తవ్వి ఈ ఎలుకనా పట్టానని ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ముందు ఆగింది అతని నవ్వే.

"ఏలు నలిగినంక అబ్బా రోజు ఏస్తుండు అన్నా," అన్నాడు మెల్లగా. "ఇంటికాడికెల్లి నిప్పులు తెచ్చి, పొద్దుగాల నేను మిషన్ మీదికి రాకముందే. నాకేం కావద్దని."

నా చేతిలో దూది అలాగే ఉంది. కొడుకు చేతిని కాపాడమని వేసిన పొగే ఆ చేతి మీదికి బల్లను తోస్తోంది. అతను కట్టు కట్టిన వేలిని రెండో చేత్తో కప్పుకున్నాడు.

"అబ్బాకు చెప్పకన్నా. రబ్బర్ పోయింది, లోపలికి దుమ్ము వోయిందని చెప్పు. మూత తియ్యొద్దను. ఊదు ముచ్చట ఎత్తకు."

సరేనన్నాను. జబ్బు ఒకటైతే ఇంకొకటి చెప్పడం నాకు ఒంటికి పడదు, అయినా సరేనన్నాను. కొత్త రింగు వేసి, మూత గట్టిగా బిగించాను. తెర మీద అల నిండుగా లేచింది. బల్లను అటూ ఇటూ ఎంతసేపు పరుగెత్తించినా కదలిక కొలిచే డయల్ గేజ్ ముల్లు ప్రతిసారీ అదే గీత మీదికి వచ్చి ఆగింది. అలారం రాలేదు.

చాచా టీలు పట్టుకుని వచ్చాడు. రబ్బరు అరిగి లోపలికి దుమ్ము పోయిందని, ఇక మూత ఎవరూ తీయవద్దని చెప్పాను.

"మరి ఊదు?"

"దర్వాజ కాడ ఏస్తె సాలు చాచా," అన్నాను, ఆయన వైపు చూడకుండా. ఆయన మోటర్‌ను చేత్తో తడిమి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

కొడుకు ఖాళీ గ్లాసులు తీసుకుని రోడ్డవతల హోటలుకు పోయాడు. నేను సంచిలో పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నాను. తల ఎత్తేసరికి చాచా చేతిలో ఆ నల్లటి దూది ఉంది. పారేయడం మరిచిపోయాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గిది ఊదు వాసన గదా బేటా?"

నేను వంగి సంచి మూతి బిగించాను.

"మోటర్ల కెల్లి ఎల్లిందా? ఆ హైదరాబాద్ మేస్త్రే గదా ఊదు అన్నడు."

"ఆయన నోటితోని ఊదమన్నడు చాచా. తప్పు ఆయన మాటది, నీది కాదు."

"ఆయన ఒక్కపారి అన్నడు. నేను వారం వారం ఏసిన. ఇప్పుడు రోజు ఏస్తున్న." ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "ఏలు గూడ గందుకేనా?"

ఒక్క రోజులో రెండోసారి అబద్ధం నా నోటికి రాలేదు. తలూపాను. ఆయన దూదిని వేళ్ళ మధ్య నలిపాడు. కొడుకు రోడ్డు దాటి వస్తుండటం కనబడగానే దాన్ని లాల్చీ జేబులో కుక్కుకున్నాడు.

"వానికి చెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి. "తెలిస్తె వాడు నన్ను ఒక్క మాట గూడ అనడు. గదే నాకు బుగులు."

కొడుకు నన్ను బండి మీద బస్ స్టాండుకు తీసుకుపోయాడు. అబ్బాకు అనుమానం రాలేదు కదా అని దారిలో ఒకటికి రెండుసార్లు అడిగాడు. రాలేదన్నాను.