ఎద్దులకు వేషం దొరికింది

ఆ రోజుల్లో నాకు చరిత్ర రాయడం చాలా తేలికైన పని. బీఈడీ కొత్తగా చేతికొచ్చింది, తెలియనిదంటూ ఏదీ మిగలని వయసు. పెద్దపల్లి దగ్గరి మిషన్ బడిలో తాత్కాలిక తెలుగు టీచరుగా చేరి ఏడాది కాకుండానే, బడి జూబ్లీకి చరిత్ర నాటకం రాసే పని నా నెత్తిన పడింది. మాది మగ్గాల ఇల్లు; చర్చిలోకి వెళ్తూ చెప్పులు విప్పాలో వద్దో కూడా అప్పటికి నాకు తెలియదు (అంతకన్నా అర్హత ఏం కావాలి?). హెడ్మాస్టరు సారు మాత్రం మెల్లగా ఆశపెట్టారు. "బిషప్పు గారు వస్తున్నరు మేడం. నాటకం మంచిగైతె మీ నౌకరీ పక్కా చేయుమని నేనే అడుగుత."

దాంతో నాలోని చరిత్రకారిణి నిద్ర లేచింది. బీరువాలో దొరికిన పాత మిషన్ రిపోర్టులు రెండు చదివి, మూడోదాని జోలికి పోలేదు. వాటి నిండా మిషన్ పెట్టిన తెల్లదొర, దొరసాని, వాళ్ల ఎడ్లబండి. దొరసాని బండి దిగితే చాలు, ఆ ఊళ్లో బడి మొలిచేది. ఆ రిపోర్టులు రాసింది కూడా దొరసానే కాబట్టి అనుమానించే పనే లేదు. ఎనిమిదో తరగతి పిల్లకు గౌను కుట్టించి, ఒక పౌడరు డబ్బా ఖాళీ చేసి దొరసానిని తయారుచేశాను. ఇంకో ఇద్దరికి అట్ట కొమ్ములు కట్టి ఎద్దుల్ని చేశాను. ఎద్దులకు ఒక పాట కూడా రాశాను (సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, బాగా వచ్చింది).

జూబ్లీ రోజు చప్పట్ల మధ్య, ముందు వరసలో మా బడి వంటామె వాళ్ల ముసలి తల్లి లేచి నిలబడింది. "జర ఆగుండ్రి. దొరసాని బండ్ల వచ్చేది పండుగకొక్కసారి. సంకల బైబిలు సంచి ఏసుకొని సుల్తానాబాద్ దాక వాడవాడ నడిసి, ఆడపిల్లలకు అక్షరాలు నేర్పింది నన్ను కన్న మా అవ్వ. బైబిలమ్మ అంటుండె అందరు." తర్వాత నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. "ఎద్దులకు సుత వేషమిచ్చినవ్ బిడ్డా. మా అవ్వకియ్యకపోతివి."

నాటకం రాసిందెవరని బిషప్పు గారు అడిగారు. ముసలమ్మ చెప్పిందే నిజమని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. లేచి, "రిపోర్టుల ఉన్నదే రాసిన అయ్యగారూ" అన్నాను. నౌకరీ పక్కా అయింది. ముసలమ్మను ఎవరో భుజం పట్టి తీసుకుపోయి అందరికన్నా ముందు భోజనం పెట్టారు. నిజం చెప్పినవాళ్లకు మన దగ్గర జరిగే సన్మానం అంతే.

ఆ నాటకం ఇప్పటికీ ప్రతి వార్షికోత్సవానికీ వేస్తున్నాం. అందులో బైబిలమ్మను చేర్చే ధైర్యం రావడానికి నాకు పదేళ్లు పట్టింది, అప్పటికి ముసలమ్మ లేదు. ఆ వేషానికి ఒక్క పిల్లా ముందుకు రాదు, ఎద్దులకైతే పోటీ. అందుకని సంచి నేనే తగిలించుకుంటున్నాను. ఈ ఏడాది బండికి ముందు వేదిక చుట్టూ మూడుసార్లు తిరిగేసరికి మోకాళ్లు పట్టేశాయి. గౌనులో ఉన్న పిల్ల జాలిపడి, "మేడం, జర బండ్ల కూసోండ్రి" అంది. నౌకరీ పక్కా అయిన నాటినుంచి ఇన్నేళ్లూ నేను వచ్చింది ఆ బండిలోనే కదా అని నవ్వొచ్చింది. ఎక్కకుండా, కుంటుకుంటూనే నడిచాను.